రెండు లక్షల్లో, అప్పు లేకుండా, చెన్నైలో క్రైస్తవ వివాహం: దేనితో మొదలుపెట్టాలి?

ఆవడి సహోదరి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. నేను చెన్నై శివారు ఆవడిలో అమ్మతోను, తమ్ముడితోను ఉంటున్నాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మా సొంత ఊరు చీరాల. పెండ్లికుమారుడి వాళ్లది ఒంగోలు. ఆయన అంబత్తూరులో ఒక వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద పనిచేస్తారు. కట్నం మాట రెండు వైపులా లేదు. మేమిద్దరం రెండేళ్లుగా కూడబెట్టుకున్నది రెండు లక్షల రూపాయలు. అంతకు మించి ఒక్క రూపాయి కూడా వడ్డీకి తేకూడదని అనుకున్నాం.

మా సంఘం చిన్నది. ఒక మేడ మీద అద్దె గదిలో కూడుకుంటాం. అరవై మంది కూర్చుంటే నిండిపోతుంది, పిలవవలసిన వాళ్లేమో 150 మంది ఉన్నారు. ఒంగోలు నుంచి ఆయన వాళ్ల పాస్టరు గారు వచ్చి వివాహం జరిపిస్తామన్నారు. అమ్మకు మాత్రం మండపం, స్టేజీ, పూల అలంకరణ లేకుండా పెండ్లి చేయడం ఇష్టం లేదు. నాన్న లేరు కాబట్టి, "తండ్రి లేని పిల్ల గనుక ఏదో కానిచ్చేశారు" అని నలుగురూ అంటారని ఆమె బాధ. ఏసీ మండపం ఒకటి విచారిస్తే అద్దె ఒక్కటే లక్షా పది వేలు చెప్పారు. ఏది ముందు తేల్చుకోవాలో, ఏది వదులుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విల్లివాక్కం అన్న

చెల్లెమ్మా, మండపంతో మొదలుపెట్టకండి, తేదీతో మొదలుపెట్టండి. మనకు ముహూర్తాల పట్టింపు లేదు గనుక, చెన్నైలో డబ్బు మిగిలే మొదటి చోటు అదే. ముహూర్తం ఉన్న రోజున మండపం అద్దె, వంటవాళ్ల కూలి, కోయంబేడు మార్కెట్లో పూల ధర, వ్యాను బాడుగ అన్నీ ఒక్కసారే పెరుగుతాయి. తమిళుల ఆడి మాసం జులై నడుమ మొదలై ఆగస్టు నడుమ దాకా ఉంటుంది, ఆ నెలలో ఇక్కడి హిందువులు పెండ్లిళ్లు చేయరు. మన ఆషాఢం చాంద్రమానం, వాళ్ల ఆడి సౌరమానం కాబట్టి రెండూ సరిగ్గా ఒకే రోజుల్లో రావు. చెన్నైలో చూసుకోవలసింది ఆడినే. ఆ నెలలో హాలువాళ్లూ వంటవాళ్లూ బేరానికి దిగి వస్తారు. మన పెద్దల్లో కూడా కొందరు అలవాటుకొద్దీ ఆ నెల వద్దంటారు, వారికి ఓపికగా చెప్పుకోవాలి.

క్రిస్మస్ ముందు ఆగమన కాలంలోను, ఈస్టరు ముందు శ్రమల దినాలలోను చాలా సంఘాలు పెండ్లిళ్లు జరిపించవు. ఆ వారాలను ముందే పక్కన పెట్టండి.

రెండోది, పెండ్లి సమయం. మేము పోయిన ఏడాది మా తమ్ముడి పెండ్లి సాయంత్రం 4 గంటలకు పెట్టాం. విజయవాడలో పొద్దున్నే బయలుదేరే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చీరాల, ఒంగోలు, నెల్లూరు బంధువులంతా మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగారు, పెండ్లి చూసి, భోంచేసి, రాత్రి రైళ్లకు తిరిగి వెళ్లారు. లాడ్జి గదులకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అదే ఉదయం 10 గంటల పెండ్లి అయితే ముందు రాత్రి పడకలు, పొద్దున టిఫిను, స్నానాలకు చోటు అన్నీ మన మీదే పడతాయి. రైల్వే రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తారు, ఒక టికెట్టు మీద ఆరుగురి కన్నా ఎక్కువ మందిని రాయరు. కాబట్టి తేదీ నిశ్చయం కాగానే ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, టికెట్టు తీసే రోజు కూడా చెప్పండి.

వేపేరి న్యాయవాది

పై సలహా చాలా మంచిది. అయితే మీ లేఖలో నన్ను ఆపిన వాక్యం ఒంగోలు పాస్టరు గారి గురించి రాసినది. ఖర్చుల కన్నా ముందు దాన్ని సరిచూసుకోండి.

మన వివాహాలకు వర్తించేది 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం. ఎవరు వివాహం జరిపించవచ్చో అందులోని 5వ సెక్షను చెబుతుంది. బిషప్పు చేత అభిషేకం పొందిన గురువులు, అంటే సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘము), కతోలిక సంఘాల వంటి వాటిలోని వారు, తమ సంఘ క్రమం ప్రకారం జరిపించడానికి వేరే లైసెన్సు అక్కరలేదు. ఇతర సంఘాల పాస్టర్లకు సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా ఆ లైసెన్సును తన భూభాగం వరకే ఇస్తుంది. అందుచేత స్వతంత్ర సంఘపు పాస్టరు గారికి ఆంధ్రప్రదేశ్ లైసెన్సు ఉన్నప్పటికీ, చెన్నైలో ఆయన జరిపించిన వివాహానికి ఆ లైసెన్సు ఆధారం కాదు. ఆయన దైవభక్తిని, పరిచర్యను నేను ప్రశ్నించడం లేదు. ప్రమాణాలు చేయించి, రిజిస్టరు రాసి, సంతకాలు తీసుకునే పని ఇక్కడ అధికారం ఉన్నవారు చేయాలి, వాక్యోపదేశము, ఆశీర్వాద ప్రార్థన మీ పెద్దాయన చేయవచ్చు. చాలా పెండ్లిళ్లలో అలాగే జరుగుతున్నది, అది ఎవరికీ చిన్నతనం కాదు.

వరుడికి 21, వధువుకు 18 సంవత్సరాలు నిండి ఉండాలి. పాస్టరు గారు కాక ఇంకా ఇద్దరు సాక్షులు ఉండాలి. చట్టం ప్రకారం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల వివాహం జరగాలి, కాబట్టి 4 గంటలకు పెట్టుకుంటే మంచిదే గానీ, రైలు ఆలస్యమైందని 6.30 దాకా జరపకండి. సీఎస్ఐ వంటి సంఘాల్లో మూడు ఆదివారాలు వివాహ ప్రకటన చదువుతారు. వధూవరులు వేర్వేరు సంఘాల వారైతే రెండు చోట్లా చదివి, అభ్యంతరం ఏదీ రాలేదని ఉత్తరం ఇస్తారు. లైసెన్సు గల పాస్టరు గారైతే మీరు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఆయన ధృవపత్రం ఇచ్చిన తేదీ నుంచి రెండు నెలల లోపల వివాహం జరగకపోతే ఆ పత్రం చెల్లదు, మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందుకని మరీ ముందుగా కూడా నోటీసు ఇవ్వకండి.

పెండ్లి తరువాత ఇంకొక పని ఉంది. తమిళనాడులో 2009 నాటి వివాహాల నమోదు చట్టం ప్రకారం ఏ మతం వారైనా 90 రోజుల లోపల సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. సంఘం ఇచ్చే పత్రం ఉంది కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు.

తాంబరం తమ్ముడు

న్యాయవాది గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా అక్క పెండ్లి ఎనిమిదేళ్ల కిందట ఒక హాలులో ఘనంగా చేశాం. వివాహం జరిపించిన ఆయనకు లైసెన్సు ఉందా అని అడగడం అమర్యాద అనుకున్నాం. బావ గల్ఫ్ వెళ్లి అక్కను తీసుకెళ్లడానికి కాగితాలు పెట్టినప్పుడు, ఆ పత్రం మీద లైసెన్సు సంఖ్య లేదని తిప్పి పంపారు. చివరికి ఇద్దరూ 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద దరఖాస్తు పెట్టి, 30 రోజుల నోటీసు గడువు పూర్తయ్యాక, ఒళ్లో బిడ్డతో అధికారి ముందు సంతకాలు చేశారు. ఆ రోజు అక్క ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పెండ్లికి ముందు ఒక్క మాట అడిగి ఉంటే ఆమెకు ఆ బాధ తప్పేది.

ఆవడి సహోదరి

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఈ రోజే ఒంగోలుకు ఫోన్ చేసి పాస్టరు గారితోనే మాట్లాడాను. ఆయన కొంచెం కూడా నొచ్చుకోలేదు, "అమ్మా, నేను వాక్యం చెబుతాను, రిజిస్టరు అక్కడి వారే రాయడం మంచిది" అన్నారు. మాకు తెలిసిన ఒక తెలుగు సంఘం విల్లివాక్కం వైపు ఉంది, అక్కడి పాస్టరు అయ్యగారికి అధికారం ఉంది. ఆవరణలో రేకుల హాలు కూడా ఉందట. రేపు వెళ్లి అడుగుతాను. అయితే అమ్మ మాట అలాగే ఉంది.

ఒంగోలు బాబాయి

అమ్మాయీ, నేను మీ అమ్మగారి పక్షాన మాట్లాడతాను, కోపగించుకోవద్దు. పెండ్లి అనేది ఇద్దరి లెక్క కాదు. పొద్దున్నే లేచి మూడు వందల కిలోమీటర్లు రైల్లో వచ్చే ముసలివాళ్లకు కూర్చోవడానికి సరైన కుర్చీ, తాగడానికి చల్లని నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. పొదుపు పేరు చెప్పి రేకుల షెడ్డు కింద ఎండలో కూర్చోబెడితే, అది నిరాడంబరత కాదు, మర్యాద లోపం. మా బంధువుల పెండ్లి ఒకటి అలాగే జరిగింది. పూలకు బాగా ఖర్చు పెట్టారు గానీ, మా వదిన మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్లవలసి వచ్చింది. మండపం వద్దంటే వద్దు, కానీ మండపంలో దొరికే ఆ నాలుగు సౌకర్యాలూ వేరే విధంగానైనా ఏర్పాటు చేయండి.

విల్లివాక్కం అన్న

బాబాయి గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. చెల్లెమ్మా, హాలు చూడడానికి వెళ్లినప్పుడు వేదిక కన్నా ముందు మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకు, ఫ్యాన్లు, మెట్లు చూడండి. మెట్లు ఎక్కలేని వారికి కింద వరసలో చోటు ఉంచండి. పెద్ద కూలరు రెండు బాడుగకు తెస్తే, స్టేజీ అలంకరణలో పదో వంతు కూడా కాదు.

వాషర్‌మన్‌పేట అత్తయ్య

మీ అమ్మగారి గురించి చెబుతాను, ఎందుకంటే నేనూ భర్త లేకుండా కూతురి పెండ్లి చేసినదాన్నే. ఆవిడకు కావలసింది స్టేజీ కాదమ్మా. పెండ్లిలో ఆవిడ చేతి పని, ఆవిడ పెద్దరికం నలుగురికీ కనబడాలి. నిన్ను చర్చిలోకి తండ్రి స్థానంలో చేయి పట్టుకుని నడిపించేది ఎవరు? అది అమ్మే ఎందుకు కాకూడదు? అయ్యగారిని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. మా అమ్మాయిని నేనే తీసుకెళ్లాను.

ఇంకొకటి, ఆవిడ పెండ్లి చీర ఉందా? మా అమ్మాయి నా తెల్ల కంచిపట్టు చీరతోనే పెండ్లి చేసుకుంది. ముప్ఫై ఏళ్లు బీరువాలో ఉండి మడతల వెంబడి పసుపు గీతలు పడ్డాయి, రెండు చోట్ల మడత దగ్గర పట్టు చీలింది. కుంకుడుకాయ రసంలో చల్లటి నీళ్లు కలిపి, పిండకుండా ముంచి తీసి, నీడలో గుడ్డ మీద పరిచి ఆరబెట్టాం. పసుపు పూర్తిగా పోలేదు గానీ, తెలుపు మీగడ రంగుకు తిరిగింది, అది ఇంకా బాగుంది. చీలిన చోటు కుచ్చిళ్ల లోపలికి వచ్చేలా కట్టించి, వెనక నుంచి పలుచటి పట్టు ముక్క వేసి కుట్టించాను. కొత్తగా కొన్నది జాకెట్టు గుడ్డ, ముసుగుకు మూడు మీటర్ల నెట్టు, అంచుకు లేసు మాత్రమే. ఎం.సి. రోడ్డులో నెట్టు మీటరు లెక్కన దొరుకుతుంది, పెండ్లి దుకాణంలో తయారు ముసుగు అడిగితే దానికి అయిదారింతలు చెబుతారు. పెండ్లికుమారుడికి కోటు కుట్టించే బదులు బాడుగకు తీసుకోవచ్చు, లేదా తెల్ల చొక్కా, పంచె కట్టుకున్నా నిండుగానే ఉంటుంది.

శుభలేఖల కోసం ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధికి వెళ్లండి. పెద్దలకు, సంఘాలకు యాభై అచ్చు వేయించి, మిగిలినవారికి ఫోన్‌లో పంపండి. తెలుగు అక్షరాలు కూర్చేవారు అక్కడ తక్కువ, కాబట్టి అచ్చుకు ముందు ప్రూఫు మీరే చదవాలి. మాకు "పరిశుద్ధ వివాహము" అన్న చోట "వివహము" అని వచ్చింది. సమయానికి నేను చూశాను గనుక సరిపోయింది.

అన్నానగర్ వంటిల్లు

మా నాన్నగారు ఇరవై ఏళ్లుగా పెండ్లి వంటలు చేస్తున్నారు, నేను ఆయనకు సాయం. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది భోజనానికే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇక్కడ బిర్యానీని బియ్యం కేజీల్లో లెక్కవేస్తారు. ఒక కేజీ బియ్యానికి ఒక కేజీ మాంసం వేస్తే ఎనిమిది నుంచి పది మంది తింటారు. 150 మందిలో చిన్నపిల్లలు, శాకాహారులు పోగా 15 నుంచి 16 కేజీలు సరిపోతుంది. ఆంబూరు పద్ధతిలో వాడే సీరగ సంబా బియ్యం మన చిట్టిముత్యాల వంటి సన్న గింజ. తూకానికి తక్కువగా కనిపించినా కడుపు నింపుతుంది. మాంసం విషయంలో మాత్రం మొహమాటం వద్దు. చెన్నైలో వేటమాంసం ధర కోడిమాంసానికి మూడింతలకు పైగా ఉంటుంది, ఆ ఒక్క మార్పుతోనే పది వేలకు పైగా మిగులుతుంది. బాగా వండిన కోడి బిర్యానీని ఎవరూ తక్కువ చేయరు. పక్కన దాల్చా, వంకాయ కూర, పెరుగు పచ్చడి, చివర బ్రెడ్ హల్వా ఉంటే చాలు. మన వాళ్ల కోసం తెల్లన్నం, గోంగూర పప్పు, పెరుగు తప్పక పెట్టండి. రైలు ప్రయాణం చేసిన పెద్దవాళ్లు బిర్యానీ రెండు ముద్దలు తిని పెరుగన్నమే అడుగుతారు.

ప్లేటు లెక్కన మాట్లాడుకునే బదులు సరుకులు మీరే కొని, మాస్టరుకు, ఇద్దరు సహాయకులకు కూలి, డేగిసాల బాడుగ విడిగా ఇస్తే మీ లెక్కకు బాగా దిగివస్తుంది. దానికి సరుకులు తూచి చూసుకునే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. చర్చి ఆవరణలో కట్టెల పొయ్యి పెట్టనిస్తారా అని ముందే అడగండి.

సంఘంలోని స్త్రీలు ప్రేమవిందుకు సాయం చేస్తామంటారు. ముందు రాత్రి ఉల్లిపాయలు, వెల్లుల్లి ఒలిచే వరకే తీసుకోండి. పెండ్లి ఆరాధన జరుగుతుండగా వారిని వంటశాలలో నిలబెట్టకూడదు. నేను ఎన్నో చోట్ల చూశాను, వధువు చిన్నప్పటి సండే స్కూలు టీచరమ్మ ప్రమాణాల వేళ వడ్డన గిన్నెలు తుడుస్తూ ఉండిపోయింది.

శాంతోం విశ్వాసి

పూల గురించి ఒక్క మాట. కోయంబేడులో ముందు రోజు తెల్లవారుజామున వెళ్లి లిల్లీ పూలు తీసుకోండి. మనం లిల్లీ అనే ఆ పూవును అక్కడ సంపంగి అంటారు, లిల్లీ అని అడిగితే వేరేది, ఖరీదైనది చూపిస్తారు. తడి గోనె గుడ్డలో చుట్టి నీడలో ఉంచితే మర్నాటికి మొగ్గలు విచ్చుకుంటాయి. బలిపీఠం దగ్గర రెండు కుండీలు, బెంచీల చివర చిన్న గుత్తులు చాలు. మా కతోలిక పెండ్లిళ్లలో వివాహ సిద్ధపాటు తరగతులు, కొత్తగా తీసిన బాప్తిస్మ పత్రం కూడా అడుగుతారు, వేరే సంఘాల వారూ తమ అయ్యగారిని ఏయే కాగితాలు కావాలో ఒకేసారి అడిగి రాసుకోవడం మేలు.

ఒంగోలు బాబాయి

ఇంకొక జాగ్రత్త చెబుతాను. చదివింపులు ఎంత వస్తాయో అంచనా వేసి, ఆ డబ్బుతో వంటవాళ్లకు ఇద్దామని అనుకోవద్దు. పెండ్లి రోజు రాత్రి కవర్లు విప్పి లెక్కపెడుతూ కూర్చున్న తండ్రులను చూశాను. వచ్చినది మీ కొత్త కాపురానికి, రెండు లక్షల లెక్కలోకి అది రాకూడదు.

ఆవడి సహోదరి

నాలుగు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. ఆడి మాసంలో ఒక శనివారం సాయంత్రం 4 గంటలకు మా వివాహం జరిగింది. విల్లివాక్కం సంఘంలోనే, అయ్యగారు ప్రమాణాలు చేయించారు, ఒంగోలు పాస్టరు గారు వాక్యం చెప్పారు, 5.20కి రిజిస్టరులో సంతకాలు పూర్తయ్యాయి. హాలుకు, ఫ్యాన్లకు, శుభ్రం చేసిన వారికి కలిపి పదిహేను వేలు ఇచ్చాం. భోజనానికి 46 వేలు అయింది. ఫోటోలకు ఒక్కరినే, అర పూటకే పిలిచాం. పుస్తెలకు కొత్త బంగారం కొనలేదు, నాన్న ఉంగరాన్ని అమ్మ తానే తెచ్చి ఇచ్చింది, దాన్ని కరిగించి సిలువ గుర్తుతో చేయించాం, కూలి మాత్రమే కట్టాం. బట్టలు, ప్రయాణాలు, అయ్యగార్ల కానుకలు, అన్నీ కలిపి లక్షా 82 వేలు.

అత్తయ్య గారూ, అమ్మే నన్ను తీసుకెళ్లింది. ముందు రోజు రాత్రి వరకు "నాకు సిగ్గు" అంటూనే ఉంది. తలుపు దగ్గర క్వైరు పాట అందుకోగానే నా చేతిని తన మోచేతి కింద గట్టిగా అదిమిపెట్టుకుని, నాకన్నా ముందు అడుగు వేసింది. చీర ఆమెదే. ఎడమ భుజం దగ్గర జరీ నల్లబడింది, దాన్ని దాచవద్దని నేనే అన్నాను.

ఇతరులకు పనికి వస్తుందని, తప్పిపోయినవి కూడా చెబుతాను. పెరుగన్నం చాలలేదు, వంటిల్లు అన్నయ్య హెచ్చరించినా నేను పెరుగు తక్కువ కొన్నాను. రెండోది, సెంట్రల్ నుంచి విల్లివాక్కానికి సబర్బన్ రైల్లో వచ్చేస్తారులే అనుకున్నాం. యువకులు వచ్చారు గానీ, మామయ్య వాళ్లు సంచులతో ఆ మెట్లు ఎక్కి దిగలేక ఆటోలకు చాలా ఇచ్చారు. మిగిలిన పద్దెనిమిది వేలల్లో ఒక వ్యాను మాట్లాడి ఉండవలసింది. తిరుగు ప్రయాణానికి అప్పటికప్పుడు మా ఆయన వర్క్‌షాపు స్నేహితుడు తన బండి ఇచ్చి, మూడు సార్లు తిరిగి అందరినీ స్టేషనులో దించాడు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 52వ రోజున నమోదు అయింది.